దించాక గంట

ఆ నోటుబుక్కు నా చేతికి వచ్చేసరికి తడిసిన ఇటుకలా బరువుగా ఉంది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. అట్ట ఊడిపోతే ఎప్పుడో దబ్బనంతో, తెల్ల దారంతో కుట్టుకున్నారు. ఆ కుట్టు ఒక్కటే గట్టిగా మిగిలింది. పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, మధ్యమధ్యలో బురద సన్నటి పొరలా చేరింది. మా స్నేహితురాలు దాన్ని పాత తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో నాకు అందించింది.

"అమ్మదే. పారెయ్యడానికి చేతులు రావట్లేదు. నీకేమన్నా పనికొస్తుందేమో చూడు" అంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అదే సమయంలో కృష్ణ కూడా పొంగి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వెళ్ళాయి. మా స్నేహితురాలి ఇల్లు కింది వాటా. పిల్లల్ని తీసుకుని పై వాటావాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. పాలప్యాకెట్లు, అన్నం పొట్లాలు పడవల్లో వచ్చేవి, పడవలు పోలేని సందుల్లో డ్రోన్లతో వేసేవారు. నీళ్ళు పూర్తిగా లాగడానికి వారం దాటింది. తర్వాత ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. నేను గుంటూరు నుంచి వెళ్ళేసరికి వంటింటి గోడ మీద నా భుజం ఎత్తున మట్టి చార ఉంది. ఫ్రిజ్జు, పరుపులు, బియ్యం డబ్బా అన్నీ వీధిలోకి వచ్చేశాయి. వాటి గురించి తను ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ళమ్మగారు పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ నోటుబుక్కు గట్టు మీద, ఉప్పుజాడీ వెనక, ఆవిడ పెట్టిన చోటే ఉండేది.

మేం అయిదుగురం. 1994లో విజయవాడలో డిగ్రీలో చేరినప్పటి స్నేహం. నలుగురం హాస్టలు, తనది మాత్రం సొంతిల్లు. హాస్టల్లో ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. తెనాలి, గుడివాడ, నూజివీడు, నేను గుంటూరు. తను సింగ్‌నగర్. ఇప్పుడు అందరికీ యాభై దగ్గర పడుతున్నా అవే పేర్లు. నెలకు రెండు ఆదివారాలైనా వాళ్ళింటికి భోజనానికి పోయేవాళ్ళం. వాళ్ళమ్మగారిని మేమందరం పిన్నిగారూ అనేవాళ్ళం. హాస్టలు సాంబారు తిని తిని చచ్చిన నోటికి ఆవిడ వంట ఎలా ఉండేదో చెప్పలేను. ముద్దపప్పు, దోసావకాయ, గోంగూర, గడ్డపెరుగు ఎప్పుడూ ఉండేవి. కార్తీకమాసం వస్తే కంద బచ్చలి. పదకొండింటికి వెళ్తే ఒంటిగంటన్నర దాటితే గానీ కంచాలు పెట్టేవారు కాదు. ఆలోగా మమ్మల్ని వరసగా మెట్ల మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, జడలు వేసేవారు. ఆకలికి కడుపులు కాలుతున్నా ఆ చేతుల కింద తల పెట్టి కూర్చోవడం ఎంతో హాయిగా ఉండేది.

నోటుబుక్కుని గుంటూరు తెచ్చి ముందు ఎండలో పెడదామనుకున్నాను. తెలిసినవాళ్ళు ఒకాయన, పాత పుస్తకాల పని చేసినవారు, వద్దన్నారు. ఎండకి కాగితం వంకర్లు తిరిగి పెళుసెక్కుతుంది, మిగిలిన సిరా కూడా వెలిసిపోతుంది, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వమన్నారు. పేజీల మధ్య న్యూస్‌పేపరు పెట్టొద్దు, దాని అచ్చు దీనికి అంటుతుంది, తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండమన్నారు. బ్రాడీపేటలో మా ఇంటి హాల్లో నేల మీద దుప్పటి పరిచి పన్నెండు రోజులు అదే పని. అంటుకున్న పేజీని లాగకూడదు. మూల దగ్గర వెన్న రాసే చాకు మొన దూర్చి, కొంచెం కొంచెంగా, ఊపిరి బిగపట్టి విడదీయాలి. కొన్ని వచ్చాయి. కొన్ని నా చేతుల్లోనే గుజ్జయిపోయాయి. అలా పోయిన ప్రతిసారీ కాసేపు లేచి అటూ ఇటూ తిరిగి వచ్చేదాన్ని.

అప్పుడొక సంగతి తెలిసింది. పిన్నిగారు తర్వాతి రోజుల్లో బాల్‌పెన్నుతో రాసుకున్న పేజీలు దాదాపు అన్నీ బతికాయి. ముందు పేజీలు సిరా పెన్నువి. అవి నీలంగా కరిగిపోయాయి. అయితే కుట్టు దగ్గర కాగితం బిగుసుకుని ఉండటం వల్ల అక్కడికి నీళ్ళు తక్కువ పోయాయి. అందుకని కుడిచేతి పేజీల్లో ప్రతి లైనుకీ మొదటి ఒకటి రెండు మాటలు మిగిలాయి. 'చింత...', 'పసుపు చిటి...', 'నూనె కాగాక...', అంతే. అక్కడి నుంచి అంచు వరకూ నీలం మబ్బు.

ఫోటోలు తీసి మా అయిదుగురి వాట్సాప్‌లో పెట్టాను. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. "ఇది దోసకాయ కాల్చి చేసే పచ్చడి", "కాదు, దీంట్లో నువ్వులు ఉండేవి, నాకు గుర్తు" అంటూ తెల్లవారుజాము దాకా వాయిస్ మెసేజీలు. రాత పోయింది గానీ ఆ వంట తిన్న నోళ్ళు అయిదు ఉన్నాయి కదా అని గుడివాడ అంది. అలా మొదలైంది. పోయిన వంటల్ని గుర్తు చేసుకుని వండటం, వాటితోపాటు మా నలుగురి ఇళ్ళలో ఒక్కొక్క మంచి వంటని కూడా రాసి సింగ్‌నగర్‌కి ఇవ్వడం. కొత్త నోటుబుక్కు ఒకటి తయారవ్వాలి. కార్తీకమాసం లోపల అవ్వాలి.

నా వంతు గోంగూర నిల్వ పచ్చడి. మా అత్తయ్యది. నలభై ఏళ్ళుగా చేస్తున్నారు. రాసుకోవడానికి కాగితం పట్టుకుని కూర్చుంటే "ఉప్పు చారెడు, మిరపకాయలు రెండు గుప్పెళ్ళు" అంటారు. ఎవరి చారెడు? ఆవిడ చెయ్యి నా చేతిలో ముప్పాతిక ఉంటుంది. మధ్యలో ఆపి, "ఉండండత్తయ్యా, తూకం వేస్తాను" అంటే చెయ్యి తడబడుతోంది, కొలత మారిపోతోంది. "నువ్వు చూస్తుంటే నాకు లెక్క కుదరట్లేదే" అన్నారు. అందుకని ఉప్పుజాడీనే కాటా మీద పెట్టేశాను. ఆవిడ మామూలుగా చెయ్యి పెట్టి తీసుకుంటారు, జాడీ ఎంత తగ్గితే అంత వేసినట్టు. నూనె డబ్బాకీ, మిరపకాయల పళ్ళేనికీ అంతే. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ రాసుకున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే మూడుసార్లకీ ఉప్పులో తేడా నాలుగు గ్రాములే. చెయ్యి అంత కచ్చితంగా ఉంటుందని కాటా చూస్తే గానీ నాకు తెలియలేదు.

కాడలు తీసేసిన ఎర్ర గోంగూర ఆకు అర కిలోకి 70 గ్రాముల ఎండుమిర్చి, 50 గ్రాముల కల్లుప్పు, 25 గ్రాముల చింతపండు, 150 గ్రాముల నూనె, చెంచా మెంతులు, చెంచా ఆవాలు, రెండు వెల్లుల్లిపాయలు. తెల్ల గోంగూర కాదు, ఎర్ర కాడదే కావాలి, పులుపు దాంట్లోనే ఉంటుంది. మెంతులు, ఆవాలు, మిరపకాయలు విడివిడిగా వేయించి పొడి చేసుకోవాలి. ఆకుని నూనెలో దగ్గరపడి నూనె పక్కలకి తేలేదాకా వేయించాలి. చల్లారాక అన్నీ కలిపి దంచాలి. ఇదీ నేను రాసి తెనాలికి పంపింది.

తను నేను రాసింది రాసినట్టే చేసింది. రెండు చోట్ల తప్పింది. ఒకటి, కారం మంట. ఫోన్ చేసి "నువ్వేం మిరపకాయలు వేస్తావే, మా ఇంట్లో ఎవరూ తినలేకపోతున్నారు" అంది. తను వాడింది తేజ. మాది సన్నం. ఊరి పక్కనే మిర్చి యార్డు పెట్టుకుని, ఇల్లంతా మార్చి నెలలో మిరపకాయల ఘాటుకి తుమ్ములతో గడిపే మాకు, ఎండుమిర్చి అంటే ఫలానా రకం అని వేరే రాయాలని తోచదు. తేజ సన్నగా, చిన్నగా ఉండి చాలా ఘాటు. బాడిగ ముడతలు ముడతలుగా ఉంటుంది, రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. గుంటూరు సన్నం ఈ రెంటికీ మధ్య. 70 గ్రాములు అనే లెక్క సన్నానికే సరిపోతుంది, తేజతో అయితే సగం చాలు.

రెండోది పన్నెండో రోజున తెలిసింది. సీసా మూత తీస్తే పైన తెల్లటి బూజు. తను పొద్దున ఆకు కడిగి మధ్యాహ్నం వేయించేసింది. తప్పు తనది కాదు. 'ఆకు కడిగి ఆరబెట్టాలి' అని మాత్రమే నేను రాశాను. మా అత్తయ్య ముందు రోజు సాయంత్రం కడిగి, పాత నూలు చీర మీద పలచగా పరిచి, రాత్రంతా ఫ్యాను వేసి వదిలేస్తారు. తెల్లారి ఆకు పట్టుకుంటే చేతికి చల్లదనం కూడా తగలకూడదు. నిల్వ పచ్చడికి తడి పనికిరాదు, చెమ్మ ఉన్న చోట బూజు పట్టి తీరుతుంది. దంచే రోలు, గరిటె, సీసా, ఆఖరికి చెయ్యి కూడా పొడిగా ఉండాలి. ఇదంతా నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, తెలిసింది కాబట్టే రాయలేదు. రెండోసారి రాసినప్పుడు పేజీన్నర అయింది. మొదటిసారి ఎనిమిది లైన్లు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు రాసినా, ఇంకొకరు తమ ఇంట్లో, ఫోన్ చెయ్యకుండా, కాగితం చూసి మాత్రమే వండాలి. వండి అందరికీ రుచి చూపించాలి. కుదిరితేనే కొత్త నోటుబుక్కులోకి ఎక్కుతుంది. ఇళ్ళలో మొగుళ్ళూ పిల్లలూ రెండు నెలలు ఈ పరీక్షల వంటలే తిన్నారు, వాళ్ళకీ దాంట్లో భాగం ఉంది.

గుడివాడ తన వంతుగా ఉలవచారు రాసింది. కిలో ఉలవలు రాత్రి నానబెట్టి, నిండా నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు వార్చుకుని, చింతపండు పులుసు పోసి చిక్కబడేదాకా కాచడం. ఉడికిన ఉలవలు వాళ్ళ నాన్నగారి రోజుల్లో గేదెలకి వేసేవాళ్ళట. నూజివీడుకి మామిడికాయల కాలం కాదు, అందుకని మాగాయ సంగతి వేసవికి వాయిదా వేసి, వాళ్ళ నాయనమ్మ కందిపొడి ఇచ్చింది. అది మొదటిసారే కుదిరింది.

పాత కొలతల దగ్గర కూడా కొంచెం కష్టపడ్డాం. బతికిన పేజీల్లో అన్నీ సోలలు, గిద్దెలు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మాకు తెలుసు గానీ, పిన్నిగారి సోల ఎంత? అదృష్టం, ఆవిడ ఇత్తడి సోల బురదలో దొరికింది. చింతపండుతో తోమి, నిండా నీళ్ళు పోసి తూస్తే 390 గ్రాముల నీళ్ళు పట్టాయి. ఆ రోజు నుంచి బియ్యప్పిండి, మినప్పప్పు, నువ్వులు అన్నీ ఆ సోలతో కొలిచి తూకాలు రాసుకున్నాం. ఆవిడ జంతికల లెక్క అలాగే దొరికింది.

కంద బచ్చలి మాత్రం దొరకలేదు.

సింగ్‌నగర్‌కి అన్నిటికంటే కావాల్సింది అదే. ఆ పేజీ సిరాది. లైన్ల మొదళ్ళు ఇలా మిగిలాయి: 'కంద పావు...', 'బచ్చలి రెం...', 'చింత నిమ్మ...', 'అల్లం పచ్చి...', 'పోపు ఇంగు...', 'ఆవ ఎండుమి...'. చిట్టచివరి లైను: 'దించాక గంట...'. ఆ 'ట' మీద ఒక మరక ఉంది. అది ఎత్వమో, సిరా మచ్చో తెలియదు. భూతద్దం పెట్టి చూశాం. తెనాలి తేల్చి చెప్పింది, "గంటెడు. దించాక గంటెడు ఏదో పోసేది పిన్నిగారు." సబబుగానే అనిపించింది. మా వైపు గరిటెని గంటె అని అనేవాళ్ళు పెద్దవాళ్ళలో ఇంకా ఉన్నారు. పిన్నిగారు కూడా అలాగే అనేవారు.

గంటెడు ఏమిటి?

మిగతాదంతా మాకు తెలిసిందే. కంద చెక్కు తీసేటప్పుడు చేతులకి నూనె రాసుకోవాలి, ముక్కలు కోశాకే కడగాలి, లేకపోతే చేతులు దురద. పాత కంద అయితే దురద తక్కువ. పావు కిలో కందకి రెండు కట్టల బచ్చలి. కంద ముక్కలు పసుపు వేసి ముప్పాతిక ఉడికాక బచ్చలి, పచ్చిమిర్చి, అల్లం, నిమ్మకాయంత చింతపండు గుజ్జు వేసి, గరిటెతో సగం మెదిపి, సగం ముక్కలుగా ఉంచాలి. కందకి చింతపండు రుచికే కాదు, గొంతులో దురద పెట్టకుండా ఉండటానికి కూడా. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. ఇక ఆవ. చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, కొంచెం ఉప్పు వేసి నూరి, చన్నీళ్ళతో ముద్ద చేసుకుని, కూర దించాక కలపాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే ఆవ ఘాటు చచ్చిపోతుంది, చేదు కూడా రావచ్చు.

మొదటిసారి గంటెడు పచ్చి నువ్వులనూనె పోశాం. నాలుక మీద జిడ్డు తప్ప ఏమీ లేదు. రెండోసారి నూజివీడు తన ఇంట్లో ఆవముద్దనే గంటెడు వేసింది. ఒక ముద్ద తినేసరికి ముక్కు అదిరిపోయి కళ్ళ నీళ్ళు వచ్చాయట. మూడోసారి గంటెడు చింతపండు పులుసు. పచ్చి వాసన. గుడివాడ గంటెడు పాలు పోసి చూసింది, దాని గురించి ఎక్కువ చెప్పను. ప్రతిసారీ కూర బాగానే ఉండేది, పిన్నిగారిది మాత్రం కాదు. పులుపు ఒక పక్క, ఆవ ఒక పక్క, కంద ఒక పక్క నిలబడి ఉన్నట్టు ఉండేది. ఆవిడ కూరలో అవి మూడూ ఒకటే.

నవంబరు రెండో ఆదివారం అందరూ గుంటూరు మా ఇంటికి వచ్చారు. పొద్దున్నే కొల్లి శారద మార్కెట్‌కి వెళ్ళి పాత కంద, లేత బచ్చలి ఏరి తెచ్చాను. ఈసారి గంటెడు నెయ్యి. ఒంటిగంటకి దించాం, ఒంటిగంటా అయిదుకి కంచాల ముందు కూర్చున్నాం. సింగ్‌నగర్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మేం నలుగురం తన మొహమే చూస్తున్నాం. తల అడ్డంగా ఊపింది. "పర్లేదులేవే. బాగుంది. ఇంక వదిలేద్దాం. మీరు ఇంత చేశారు, చాలు" అంది. కళ్ళు తుడుచుకోవడం మాకు కనపడకుండా మజ్జిగ గ్లాసు ఎత్తింది. మాకెవరికీ ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం వెళ్ళేటప్పుడు మిగిలిన కూర స్టీలు క్యారేజీలో పెట్టి ఇచ్చాను, పిల్లలు తింటారు కదా అని. నాలుగింటి బస్సు ఎక్కింది.

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్. ఎత్తగానే ఏడుపు. నేను హడలిపోయాను. మళ్ళీ ఏమన్నా నీళ్ళొచ్చాయేమోనన్న భయం మా అందరిలో ఆ ఏడాదంతా ఉంది.

"ఏమైందే? పిల్లలు బాగానే ఉన్నారా?"

"అమ్మ కూరే" అంది. "ఇప్పుడు తిన్నాను. అచ్చం అమ్మ కూరే ఇది. మధ్యాహ్నం ఎందుకు లేదే ఇది?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వంటింట్లోకి పోయాను. ఆ పాత పేజీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకి అంటించుకున్నాను. 'దించాక గంట'. దాన్నే చూస్తూ నిలబడ్డాను. ట మీద ఉన్నది ఎత్వం కాదు. ఉత్త మరక.

"గంటె కాదే" అన్నాను. "గంట. దించాక గంట ఆగమని రాశారు పిన్నిగారు."

అవతల నుంచి మాట లేదు. కాసేపటికి చాలా మెల్లగా, "జడలు" అంది.

ఒంటిగంటన్నర దాకా మాకు అన్నం పెట్టకపోవడం, మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి తలలు దువ్వడం, ఆ గంటే ఇది. లోపల గిన్నె మీద మూత పెట్టి ఉండేది. కంద ముక్క పులుపుని పీల్చుకోవడానికి, నూరిన ఆవ కూరంతా పాకడానికి, వేడి దిగి మూడూ ఒకటి కావడానికి ఆ కూరకి కాసేపు వ్యవధి కావాలి. ఆవ పెట్టిన కూర ఊరితేనే రుచి అని పనసపొట్టు కూర గురించి మా అమ్మ కూడా అనేది, మర్నాటికి ఇంకా బాగుంటుందని దాచిపెట్టేది. విని కూడా నాకు తట్టలేదు. మేం ప్రతిసారీ ఆదుర్దాగా పొయ్యి మీద నుంచి నేరుగా కంచంలోకి వేసుకున్నాం.

నవంబరు 24, కార్తీకంలో ఒక ఆదివారం, సింగ్‌నగర్ వాళ్ళింటి డాబా మీద వనభోజనం. వనం లేదు. ఉసిరి కొమ్మ ఒకటి కాయలతో సహా తెచ్చి తులసికోట పక్కన నిలబెట్టాం. వంట కింద వంటింట్లోనే. గోడలకి కొత్తగా సున్నం వేయించారు గానీ గట్టు పక్కన, ఉప్పుజాడీ ఉండే చోట ఒక జానెడు మేర మట్టి చార అలాగే ఉంచమని తను చెప్పిందట. తెనాలి గోంగూర తెచ్చింది, సన్నం మిర్చితో, నెల దాటినా చెక్కుచెదరలేదు. గుడివాడ ఉలవచారు, మీగడ. నూజివీడు కందిపొడి. నేను మా అత్తయ్యని తీసుకెళ్ళాను. కంద నేను తరిగాను, ఆవ సింగ్‌నగర్ నూరింది.

పన్నెండూ ఇరవైకి కూర దించింది. ఆవముద్ద కలిపి, మూత పెట్టి, దాని మీద ఇత్తడి సోల బరువు ఉంచింది. "ఇంక ఎవరూ ముట్టుకోకండి" అని అందర్నీ డాబా మీదకి తోలింది.

ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలా కూర్చున్నాం. కిందకి వెళ్ళి దువ్వెన, నూనె సీసా తెచ్చింది మా అత్తయ్య. ఎవరూ చెప్పలేదు ఆవిడకి, దారిలో నేను చెప్పిన కథ విన్నారంతే. ముందు తననే కూర్చోబెట్టుకున్నారు. తర్వాత మేం వరస కట్టాం. జుట్టు పలచబడింది అందరికీ, నెరిసింది. తెనాలికి జడ కూడా రాదు, ముడి వేశారు. కింద నుంచి సింగ్‌నగర్ వాళ్ళ అమ్మాయి మూడుసార్లు ఆకలేస్తోందని అరిచింది, మూడుసార్లూ మేం అయిదుగురం ఒకేసారి "ఇంకా కాలేదు" అన్నాం.

ఒంటిగంటా ఇరవైకి సోల తీసి మూత ఎత్తింది. కంద బచ్చలి మీద నూనె సన్నగా తేలి ఉంది, రంగు ముదిరింది, ఘాటు మెత్తబడింది. ఎవరి కంచంలోనూ వెయ్యకముందే ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏమీ అనలేదు. నా కంచంలో రెండు గంటెలు వేసింది.

భోజనాలయ్యాక కొత్త నోటుబుక్కు తీసి, బాల్‌పెన్నుతో, కుట్టు పక్క నుంచి చాలా దూరం వదిలి రాయడం మొదలుపెట్టింది. కంద పావు కిలో. పాతది. కోశాకే కడగాలి. బచ్చలి రెండు కట్టలు. ఆఖరి లైను దగ్గరికి వచ్చి ఆగి, పూర్తిగా రాసింది: దించాక గంట ఆగాలి. 'ట' మీద ఏమీ అంటకుండా సిరా ఆరేదాకా పేజీని రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.